తాబేలు పిల్లకు ఫ్లాట్‌లో ఇల్లు ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి)

అందరికీ నమస్కారం. బాబు పుట్టినరోజుకని మా మరిది ఒక తాబేలు పిల్లను తెచ్చిచ్చాడు. రెండంగుళాలు కూడా లేదు. కొన్న షాపులో చిన్న గాజు తొట్టె, ఒక సంచి ఇసుక ఇచ్చి, ఇది ఎడారి తాబేలు, పొడిగా ఉంచాలి, నీళ్ళు పెట్టొద్దు అని చెప్పారట. వచ్చిన కొత్తలో హుషారుగా తిరిగింది. ఇప్పుడు మూలకు చేరి కళ్ళు మూసుకుని పడుకుంటోంది. కీరా ముక్కలు, పాలకూర పెడితే ఒకసారి కొరికి వదిలేస్తోంది. అత్తయ్యగారు పెరుగన్నం పెట్టి చూద్దామంటున్నారు. మాది రెండో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ ఉంది. బాబు స్కూల్ నుంచి రాగానే దాని ముందే కూర్చుంటున్నాడు. దానికేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. దీన్ని ఎక్కడ, ఎలా ఉంచాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (యలహంక నుంచి)

అమ్మా, పెరుగన్నం మాత్రం పెట్టనివ్వకండి. పాలు, అన్నం, బ్రెడ్డు దాని పేగులకు పనికిరావు.

ముందు అది ఏ రకమో తేలాలి. మిగతా అంతా దాన్నిబట్టే ఉంటుంది. డిప్ప ముదురు రంగులో ఉండి, ఒక్కో గడి నడుమ నుంచి పసుపు చారలు కిరణాల్లా విచ్చుకున్నట్టు ఉంటే అది మన నక్షత్ర తాబేలు. ఆకుపచ్చగా ఉండి, కంటి వెనక ఎర్రటి పట్టీ, వేళ్ళ మధ్య పొర ఉంటే అది నీటి తాబేలు, రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దానికి కావలసింది ఈదడానికి నీళ్ళు, ఎక్కి ఎండ కాచుకోవడానికి ఒక గట్టు. డిప్ప లేత గోధుమ రంగులో ఉండి గడుల అంచులు మాత్రమే ముదురుగా ఉంటే సల్కాటా, అంటే ఆఫ్రికా తాబేలు. మీది ఏదో చూసి చెప్పండి. బిల్లు ఉంటే దాని మీద ఏం రాశారో కూడా చూడండి.

ఈలోగా ఒక పని చేయండి. లోతు తక్కువ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చని నీళ్ళు దాని గడ్డం కిందకు వచ్చేంత మాత్రమే పోసి, ఓ పావుగంట అందులో ఉంచండి. పక్కనే ఉండండి. మీరు చెప్పినదాన్నిబట్టి దానికి ఒంట్లో నీరు తగ్గినట్టుంది, చలి కూడా వేస్తూ ఉండాలి.

అడిగినవారు

చూశానన్నగారూ. లేత గోధుమ రంగే, అంచులు ముదురు. బిల్లు మీద సల్కాటా అనే ఉంది. నీళ్ళలో ఉంచగానే తల చాపి చాలాసేపు తాగింది! తర్వాత తెల్లగా సున్నంలాంటిది వదిలింది. అది జబ్బా?

జవాబు (యలహంక నుంచి)

జబ్బు కాదమ్మా, అది యూరేట్, దాని మూత్రంలో భాగమే. మెత్తగా పేస్టులా ఉంటే పర్వాలేదు. ఇసుక రేణువుల్లా గరగరలాడితే నీళ్ళు చాలడం లేదని అర్థం. రోజూ పొద్దున అలాగే నానబెట్టండి.

వ్యాఖ్య (కె.ఆర్. పురం నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మేము శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళను చూశాం. అవి అంత అందంగా ఉంటాయి కదా, ఆఫ్రికా దాని బదులు వాటినే పెంచుకోవచ్చు కదండీ?

జవాబు (యలహంక నుంచి)

పెంచుకోకూడదండీ. గుడి ఆవరణలో ఉన్నాయని మనం ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. దొరికితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు. చెన్నై విమానాశ్రయంలో వీటిని సూట్‌కేసుల్లో కుక్కి తీసుకుపోతూ పట్టుబడ్డ వార్తలు తరచూ చదువుతూనే ఉంటాం. మనం కొన్న ఒక్కొక్క పిల్ల వెనక అడవిలోంచి ఎత్తుకొచ్చినవి ఎన్ని ఉంటాయో, అందులో దారిలోనే చచ్చిపోయేవి ఎన్నో. దయచేసి ఎవరు అమ్మినా కొనొద్దు. ఎవరింట్లోనైనా ఉంటే అటవీ శాఖకు చెప్పండి. పార్కులోనో చెరువు గట్టునో వదిలేయకండి.

సల్కాటాకూ కాగితాల పని ఉందమ్మా. అది అంతర్జాతీయ సైటిస్ జాబితాలో, అంటే దేశాల మధ్య వ్యాపారం మీద అదుపు ఉన్న వన్యప్రాణుల జాబితాలో ఉన్న జంతువు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటిది చేతికి వచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని ఈ వారంలోనే ఆ పని మొదలుపెట్టండి.

ఇక ఇంటి సంగతి. సల్కాటా సహారా అంచున, సాహెల్ ప్రాంతంలో పుట్టిన జంతువు. అందుకే షాపువాళ్ళు ఎడారి అంటారు. కానీ అక్కడ పిల్లలు ఎండలో ఇసుక మీద బతకవు. ఎక్కువ సమయం బొరియల్లోనూ గడ్డి మొదళ్ళలోనూ దాక్కుంటాయి, అక్కడ మట్టి చెమ్మగా ఉంటుంది. వాన పడే కాలంలోనే గుడ్లలోంచి బయటికొస్తాయి. పొడి గాలిలో పెరిగిన పిల్లకు డిప్ప నున్నగా రాదు, గడి గడికీ గుబ్బలు లేస్తాయి. ప్రొటీన్ ఎక్కువైతే అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో సల్కాటా పిల్లల మీదే జరిగిన పరిశోధనలో అసలు కారణం గాలిలో తేమ తక్కువ కావడమేనని తేలింది. ఒకసారి లేచిన గుబ్బ మళ్ళీ సర్దుకోదు. అందుకే మొదటి రెండేళ్ళూ వెచ్చదనం, చెమ్మ రెండూ కలిసి ఉండాలని ఇంతగా చెబుతున్నాను. చెమ్మ ఉండి చలిగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వెచ్చగా ఉండి పొడిగా ఉంటే ఎండిపోతుంది.

ఆ గాజు తొట్టె పక్కన పెట్టేయండి. చిన్నది, పైగా అద్దంలోంచి బయటికి కనిపిస్తుంటే దారి ఉందనుకుని రోజంతా దానికే రాసుకుంటూ ఉంటుంది. వడ్రంగి చేత ప్లైవుడ్‌తో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టె చేయించండి. లోపల టార్పాలిన్‌లాంటి గట్టి షీట్ పరిపించండి, లేకపోతే చెమ్మకు ప్లై ఉబ్బిపోతుంది. మూత ఉండాలి. వైరు మెష్ మూత పెట్టి సగానికి పైగా ప్లాస్టిక్ షీట్‌తో కప్పితే లోపలి తేమ నిలుస్తుంది.

అడుగున ఇసుక వద్దు. మేతతో పాటు లోపలికి పోయి పేగుల్లో గడ్డకడుతుంది. నర్సరీలో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక తెచ్చి, ఉప్పు పోయేలా రెండుసార్లు నీళ్ళలో కడిగి పిండి, మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. గుప్పిట్లో పిండితే ముద్ద అవ్వాలి, నీళ్ళు కారకూడదు. పై పొర ఎండుతున్నప్పుడల్లా ఓ మూల నుంచి కాసిన్ని నీళ్ళు పోసి చేత్తో కలపండి. ఒక మట్టి కుండను సగానికి కోయించి బోర్లా పెడితే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. దాని కింద కోకోపీట్ ఇంకాస్త తడిగా ఉంచండి. నీళ్ళకు పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం మంచిది. గరుగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కి దిగడం సులువు, బోర్లా పడదు.

వేడికి రెండు ఏర్పాట్లు కావాలి. పగలు పెట్టెకు ఒక చివర మామూలు బాస్కింగ్ బల్బు (వేడి కాచుకునే బల్బు), దాని కింద 35 నుంచి 38 డిగ్రీలు. రెండో చివర చల్లగా, 27 దగ్గర. రాత్రికి వెలుతురు లేని సిరామిక్ హీటర్, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో. రాత్రి కూడా 26 కంటే తగ్గనివ్వకండి. మన ఊళ్ళో డిసెంబరు, జనవరి రాత్రుల్లో బయట పదిహేనుకు పడిపోతుంది కదా, హాల్లో పెట్టాం కదా అని ధీమాగా ఉంటే కుదరదు. ఎర్ర బల్బులు, నీలం బల్బులు అమ్ముతారు, అవి వద్దు. రాత్రి చీకటిగా ఉండాలి. తేమ చూసే మీటరు ఒకటి కొనండి, 70 నుంచి 80 శాతం మధ్య ఉంటే నిశ్చింత. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బెంగళూరు గాలి బాగా పొడిబారుతుంది, అప్పుడు మరీ కనిపెట్టుకుని ఉండాలి.

అడిగినవారు

అర్థమైందన్నగారూ. బాల్కనీలో ఎండ బాగా వస్తుంది, అయినా ప్రత్యేకంగా లైటు కావాలా? కిటికీ దగ్గర పెడితే చాలదా?

జవాబు (యలహంక నుంచి)

కిటికీ అద్దంలోంచి వెలుతురు వస్తుంది గానీ ఎండలో ఉండే యూవీబీ (అతినీలలోహిత) కిరణాలు దాదాపు రావమ్మా. అవి లేకపోతే డి విటమిన్ తయారవ్వదు, కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. పొడవాటి యూవీబీ ట్యూబ్ లైటు పెట్టండి. చుట్టలు తిరిగిన చిన్న బల్బులు వద్దు. ట్యూబు పైకి వెలుగుతూనే ఉంటుంది గానీ ఏడాది తిరిగేసరికి దానిలో యూవీబీ తగ్గిపోతుంది, అప్పుడు మార్చాలి.

బాల్కనీ ఎండ దీనికంటే మంచిది. పొద్దున్నే ఓ అరగంట వెడల్పాటి టబ్‌లో, సగం నీడ ఉండేలా పెట్టండి. గాజు తొట్టెలో మాత్రం ఎప్పుడూ ఎండలో పెట్టకండి, నిమిషాల్లో ఉడికిపోతుంది. కాకి, గద్ద, పిల్లి ఏదైనా ఎత్తుకుపోగలదు కాబట్టి మీరు లోపలికి వెళ్తే దాన్నీ తీసుకెళ్ళండి.

మేతకు గరిక మొదట. వినాయకుడి గుడి ముందు పూలవాళ్ళ దగ్గర దొరుకుతుంది. బాగా కడిగి, సన్నగా తరిగి పెట్టండి, నోరు చిన్నది కదా. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ముళ్ళు తీసిన నాగజెముడు ముక్కలు, అప్పుడప్పుడూ మునగాకు. పాలకూర, తోటకూర రోజూ పెడితే వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. పళ్ళు వద్దు, కీరాలో నీళ్ళు తప్ప ఏమీ లేదు. బాల్కనీలో గన్నేరు మొక్క ఉంటే దాని ఆకు రాలే చోట పెట్టొద్దు, విషం.

వ్యాఖ్య (చెన్నై, అంబత్తూరు నుంచి)

మా దగ్గర తేమకు కొదవ లేదు, మా ఇబ్బంది ఎండ. మే నెలలో బల్బు ఆర్పేసి, పెట్టెను ఇంట్లో చల్లటి మూలకు మారుస్తాం. కాల్షియానికి కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక) ముక్క పెట్టెలో పడేస్తే అదే కొరుక్కుంటుంది. పక్షుల షాపుల్లో ఉంటుంది. పెద్ద తాబేలు ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఉన్న మొసళ్ళ పార్కు, క్రొకడైల్ బ్యాంకుకు తీసుకెళ్ళండి, అల్డాబ్రా అనే పెద్ద రకం తాబేళ్ళున్నాయి.

అడిగినవారు

తోడుకి ఇంకో పిల్లను తెద్దామంటున్నాడు బాబు. తేవచ్చా? కరెంటు పోతే ఏం చేయాలి?

జవాబు (యలహంక నుంచి)

వద్దమ్మా. రెండింటిని కలిపి పెడితే ఒకటి తింటుంది, రెండోది బెదిరి మూలన ఉండిపోతుంది. పైకి కొట్టుకున్నట్టు కనిపించదు, అందుకే ఎవరూ గమనించరు. వాటికి తోడు అక్కర్లేదు.

కరెంటు పోతే సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక వైపు పెట్టండి, పైన దుప్పటి కప్పండి. ఒక పూట గడిచిపోతుంది.

బాబు చేతులు మాత్రం ప్రతిసారీ సబ్బుతో కడిగించండి. తాబేళ్ళ మీద సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెప్పించే బాక్టీరియా ఉంటుంది. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళ చేతికి ఇవ్వొద్దు. నానబెట్టే డబ్బాను వంటింటి సింకులో కడగకండి. వంటింటి త్రాసు లాంటిది వేరేది కొని, వారానికోసారి దాని బరువు చూసి రాసుకోండి. తగ్గుతూ పోతున్నా, ముక్కులోంచి బుడగలు వస్తున్నా, కళ్ళు ఉబ్బినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది.

ఒక మాట మీ మరిదిగారితో కూడా కూర్చుని మాట్లాడండి. ఇది నలభై, యాభై కిలోలు పెరిగే జంతువు. భూమ్మీద ఇంతకంటే పెద్దవి గలాపగోస్, అల్డాబ్రా తాబేళ్ళే. గోతులు తవ్వుతుంది, తలుపులు తోస్తుంది, మన తర్వాత కూడా బతుకుతుంది. రెండో అంతస్తులో నాలుగైదేళ్ళ కంటే కుదరదు. మీకు ఊళ్ళో స్థలం ఉందా?

అడిగినవారు

ఉందన్నగారూ, హిందూపురం దగ్గర మా నాన్నగారి తోట ఉంది. చుట్టూ గోడ కూడా ఉంది.

జవాబు (యలహంక నుంచి)

అయితే బాగుంది. మల్బరీకి అక్కడ లోటు లేదు, మందు కొట్టని ఆకే కోయమనండి. గోడ పునాది రెండడుగుల లోతుకైనా ఉందో లేదో చూడండి, లేకపోతే కింద నుంచి తవ్వుకుని పోతుంది. రాష్ట్రం మారేటప్పుడు పరివేష్‌లోనూ ఆ మార్పు తెలియజేయాలి. ఇప్పటికి వడ్రంగికి కొలతలు ఇవ్వండి. పెట్టె వచ్చేదాకా పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో కోకోపీట్ పోసి నడిపించండి. బల్బు ప్లాస్టిక్‌కు తగలకుండా పైన స్టాండుకు కట్టి, కింద ఎంత వేడి ఉందో థర్మామీటరు పెట్టి చూసి ఇక్కడే రాయండి. సరిచేసి చెబుతాను.

అడిగినవారు

టబ్ సిద్ధం చేశాం. బల్బు కింద 41 చూపిస్తోంది, రెండో చివర 28.

జవాబు (యలహంక నుంచి)

41 ఎక్కువ. బల్బు మూడు నాలుగు అంగుళాలు పైకి జరిపి, గంట ఆగి మళ్ళీ చూడండి. 37 దగ్గర ఆగితే అక్కడే గట్టిగా కట్టేయండి. 28 బాగానే ఉంది.