మా కడపలో "లెక్క" అంటే డబ్బు. మీ ఇంట్లో ఈ మాట ఇంకా ఉందా?

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. పోయిన నెల వాళ్ళ జేజి, అంటే మా అమ్మ, ఫోన్ చేసి "ఏం మ్మా, లెక్క ఉండాదా నీ దెగ్గిర?" అని అడిగింది. పక్కనే ఉన్న రూమ్మేట్‌ది విజయవాడ. "మీ నానమ్మ లెక్కల పరీక్ష గురించి అడుగుతోందా?" అందంట. అమ్మ అడిగింది చేతిలో డబ్బులున్నాయా అని.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు వాళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. "లెక్క తెచ్చినాడా?", "పెండ్లికి శానా లెక్క అయింది", "వానికి లెక్క బాకీ ఉండాను" అనే మాటల మధ్యే మేం పెరిగినాం. ఈ మధ్య మా ఇంట్లో పిల్లలు "అమౌంట్", "క్యాష్" తప్ప ఇంకో మాట అనడం లేదు. అందుకే ఇది రాస్తున్నా.

డబ్బుకు తెలుగులో ఉన్న మిగతా పేర్లు చూడండి. కాసు, దుడ్డు, డబ్బు, పైసా, అన్నీ ఒకప్పుడు చేతిలో పట్టుకున్న నాణేల పేర్లే. నాణెం పోయినా పేరు మిగిలింది. లెక్క అట్లా వచ్చింది కాదు. సంస్కృతంలో లేఖ్యం అంటే రాసినది. హిందీ లేఖా, కన్నడ లెక్క, మన లెక్క అన్నీ ఆ వంశమే. రాసింది కాస్తా ఎంచింది అయింది, మా జిల్లాకు వచ్చేసరికి ఎంచిన దుడ్లే లెక్క అయినాయి. ఎంచడానికీ డబ్బుకూ ఒకే మాట పెట్టుకున్న మనుషులు డబ్బును ఎట్లా చూసి ఉంటారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నా చిన్నప్పుడు శనక్కాయలు అమ్మిన రోజు రాత్రి అమ్మ లాంతరు దగ్గర కూర్చుని నోట్లు ఎంచేది. వడ్లు కొలిచినప్పటి మాదిరే "లాభం, రెండు, మూడు..." అని. ఒకటి అనేది కాదు. నోటు నోటుకూ బొటనవేలు నాలుకకు తాకించి, మూల మడత సరిచేసి, మోకాలి కింద పెట్టుకునేది. ఒకసారి ఎంచి ఊరుకునేది కాదు. నాన్న మళ్ళీ ఎంచాల, ఇద్దరి లెక్కా కలవాల. అప్పుడే అది వక్కాకు తిత్తిలోకి పోయేది. విత్తనాలకు ఇంత, అంగడి బాకీకి ఇంత, మిగిలింది ఎప్పటికైనా ప్రొద్దుటూరులో బంగారు అంగడికి. వాన నమ్మకం లేని సీమలో పొదుపు అంటే వచ్చే ఏడు తిండి.

2016 నవంబరు 8న ఐదు నూర్లు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు అమ్మ కందిబేడల డబ్బాలో దాచిన నోట్లు బయటికి తీసింది. మా ఇంట్లో ఎవరికీ తెలియని దుడ్లు. బ్యాంకులో కట్టి వచ్చినాక కూడా వారం రోజులు ఒకే మాట: "నోటు చెల్లకపోతే పోనీ, లెక్క ఎట్ల చెల్లకుండా పోతాది?" ఆ వాక్యాన్ని నేను ఏ మాట మార్చీ చెప్పలేను. "డబ్బు ఎట్ల చెల్లకుండా పోతాది" అంటే అందులో సగం ప్రాణం పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మాయి కొత్త ఫోన్ కంతుల మీద, అంటే వాయిదాల మీద, కొన్నది. అమ్మ కోపం చేసింది: "లెక్క లేకుండా ఎట్ల కొంటివి?" అమ్మాయి: "లెక్క ప్రకారమే కొన్నా జేజీ. సంబళంలో ఇంత పోతాది, ఇంత మిగుల్తాది, అన్నీ ఫోన్‌లో రాసి పెట్టినా." ఇద్దరిదీ నిజమే. అమ్మకు లెక్క అంటే చేతిలో ఉండాల. అమ్మాయికి లెక్క అంటే రాసి ఉండాల. ఒక్క మాట మీదే నిలబడి ఇద్దరూ రెండు వైపులకు చూస్తున్నారు. పిల్లలు దుబారా మనుషులని నేను అనను. మా అమ్మాయి టీ తాగిన పది రూపాయలు కూడా రాస్తుంది, నేనెప్పుడూ రాయలేదు. కానీ ఫోన్ స్కాన్ చేసి దుడ్లు పంపితే వేలికి నోటు తగలదు. ఇచ్చేటప్పుడు మనసు ఒక్క క్షణం ఆగేది కదా, ఆ క్షణం పోయింది. అమ్మ భయం దాని గురించే అని నాకు అనిపిస్తుంది.

జవాబు (వరంగల్ నుంచి): మా దగ్గర లెక్క అంటే "లాగా". "వాళ్ళ నాయిన లెక్క మాట్లాడ్తడు" అంటం. మీ అమ్మగారి మాట చదివి మొదట నాకూ తికమక అయింది.

జవాబు (హిందూపురం నుంచి): మా వైపు దుడ్లు ఎక్కువ వింటాం, కన్నడం పక్కనే కదా. లెక్క కూడా ఉంది, కానీ పెద్దవాళ్ళ నోట్లోనే. మా తాత "లెక్క లేనోడు" అంటే బీదవాడని, మా నాన్న అదే మాట అంటే ఎవరినీ ఖాతరు చేయనివాడని. ఇంట్లోనే రెండు అర్థాలు.

నా జవాబు: హిందూపురం వారికి దండాలు, "లెక్క లేనోడు" నాకు తట్టలేదు. రాత్రి అమ్మను అడిగితే, మూడోది కూడా ఉందంది: ఎంత ఉందో ఎంచుకోలేనంత ఉన్నవాడు. మీ తాత గారు ఉంటే ఈ మూడో అర్థం ఆయన విన్నారేమో అడిగి రాయండి. కర్నూలు వాళ్ళు ఎవరూ ఇంకా పలకలేదు, మీ వైపు ఎట్లా అంటారు?