ఓకేసీ: తిత్తా, కణితా?

చెన్నై సర్జన్: దవడ ఎముకలో పుట్టే ఓకేసీ, అంటే ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్‌ను 2005లో డబ్ల్యూహెచ్‌ఓ కేసీఓటీ (కెరటోసిస్టిక్ ఓడోంటోజెనిక్ ట్యూమర్) అని కణితుల్లో కలిపింది. 2017లో మళ్లీ తిత్తుల్లోకి లాగింది, 2022లోనూ అక్కడే ఉంచింది. జబ్బు మారలేదు, తీసినా తిరగబెట్టే గుణమూ మారలేదు. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీటీసీహెచ్1 జన్యువు దెబ్బతిందని చూపించింది మీ పాథాలజీ వాళ్లేగా, మరి వెనక్కెందుకు?

స్లైడు మాస్టారు: ఆ దెబ్బ బయటికి రాని పంటి చుట్టూ ఏర్పడే డెంటిజెరస్ సిస్టుల్లోనూ కనిపించింది. వాటినీ కణితులంటారా? పైగా మార్సుపియలైజేషన్ చేసి, అంటే తిత్తికి నోట్లోకి కిటికీలా దారి తెరిచి, నెలల తరబడి కడిగిస్తే, చాలాసార్లు గోడ మామూలు నోటిపొరలా మారుతుంది. ఒత్తిడి తగ్గగానే కుంచించుకుపోయేదాన్ని కణితి అనడం నాకు మింగుడుపడదు.

చెన్నై సర్జన్: ఏ ముక్క చూసి అన్నారు ఆ మాట? కిటికీ అంచున కోస్తే నోటిపొర కాక ఇంకేముంటుంది? వాపు పట్టిన చోట అసలు లక్షణాలే చెరిగిపోతాయి.

స్లైడు మాస్టారు: అందుకే తిత్తిని వలిచే రెండో విడతలో గోడంతా పంపమనేది. ఓకేసీ అనాలంటే గోడ లోపలి పొర 6 నుంచి 8 కణాల మందం, పైన ముడతల పారాకెరటిన్ (కేంద్రకాలు మిగిలిన కెరటిన్ పొర), అడుగున కంచెలా నిలబడ్డ ముదురు వరస ఉండాలి. ఆర్థోకెరటిన్ (కేంద్రకాలు లేని కెరటిన్) ఉంటే అది వేరే తిత్తి, తిరగబెట్టడం అరుదు.

పీజీ: మిగిలిన కణాలను చంపే కార్నాయ్ ద్రావణం ఎంతసేపు పెట్టాలి సార్?

చెన్నై సర్జన్: గోడ వలిచాక 3 నిమిషాలు. పాత పాళ్లు: ఆల్కహాల్ 6 మి.లీ., క్లోరోఫామ్ 3, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 1, ఫెర్రిక్ క్లోరైడ్ 1 గ్రాము. క్లోరోఫామ్ లేకుండా కలిపేదీ ఉంది. నరం బయటపడి ఉంటే దానికి తగలనివ్వద్దమ్మా. గోడ చిగురుకు అతుక్కున్న చోట ఆ పొరనూ కోసెయ్యాలి, లేదంటే పిల్లతిత్తులు మిగిలిపోతాయి.

వేలూరు డెంటిస్ట్: పేరేదైనా చేసేది ఇదేగా, ఇంత రభస ఎందుకు?

చెన్నై సర్జన్: ఎందుకా? ‘తిత్తి’ అని రాస్తే నీటిబుడగ తీసేశారనుకుని నెల్లూరాయన మళ్లీ చెన్నై రైలెక్కడు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే, కొన్ని పదేళ్లు దాటాక కూడా! ‘కణితి’ అంటే ఏటా ఓపీజీకి (దవడ మొత్తం ఎక్స్‌రే) వస్తాడు.

స్లైడు మాస్టారు: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి! అదే మాట చూసి ఇంకో సర్జన్ దవడే కోసేస్తే? రోగిని బెదిరించడానికి నా రిపోర్టా? మీ డిశ్చార్జ్ చీటీలో రాయండి, తెలుగులో.

చెన్నై సర్జన్: రాస్తాను. ‘ఓకేసీ’ అని మూడక్షరాలు గిలికి పంపకుండా, ‘తిరగబెట్టే స్వభావం ఉంది’ అని మీరూ ఒక వాక్యం రాయండి.

స్లైడు మాస్టారు: పారాకెరటిన్ కనిపిస్తే రాస్తా. ముక్కతోపాటు ఓపీజీ పంపండి. ముక్క కుళ్లకుండా ఫార్మలిన్ దానికి పదింతలు పోయండి, అడుగు తడిసేంత కాదు.