హెచ్‌ను ముందు సున్నా కాదన్నాము, తరువాత సున్నా వేశాము: ఇందులో ఏది నిజం?

ప్రశ్న (బి.టెక్. మొదటి సంవత్సరం, తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఈ ఏడాది తిరుపతిలో బి.టెక్.లో చేరాను. అవధి, అవకలజం, అవిచ్ఛిన్నత అని నేర్చుకున్న పాఠమే ఇక్కడ లిమిట్, డెరివేటివ్, కంటిన్యుటీ అనే పేర్లతో మళ్లీ మొదలైంది. పేర్లకు నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాను కాని, ఇంటర్‌లో మార్కులు వస్తే చాలునని అడగకుండా వదిలేసిన సందేహం ఒకటి ఇప్పుడు మళ్లీ ఎదురైంది.

ఎక్స్ వర్గం అనే ప్రమేయానికి (ఫంక్షన్‌కు) 3 వద్ద అవకలజం, అంటే అక్కడ దాని విలువ మారే వేగం, మూల సూత్రం నుంచి కనుక్కోవాలి. ఎక్స్‌ను 3 నుంచి జరిపే చిన్న మార్పుకు హెచ్ అని పేరు. (3 + హెచ్) వర్గంలోంచి 9 తీసివేస్తే 6హెచ్ + హెచ్ వర్గం మిగులుతుంది. దానిని హెచ్‌తో భాగిస్తే 6 + హెచ్ వస్తుంది. సున్నాతో భాగించకూడదు కనుక ఈ వరుసలో హెచ్ సున్నా కాదు. కాని వెంటనే కింది వరుసలో హెచ్ స్థానంలో సున్నా వేసి, జవాబు 6 అని రాస్తాము. అవసరం తీరేదాకా సున్నా కాదని, తీరాక సున్నా అని అనడం న్యాయంగా తోచడం లేదు. తరగతిలో అడిగితే, పద్ధతి అదేనని, సున్నా వేస్తే మార్కులు పడతాయని చెప్పి ముందుకు వెళ్లిపోయారు.

ఇంకొకటి. ఎక్స్ సున్నాను సమీపించినప్పుడు సైన్ ఎక్స్ / ఎక్స్ అవధి 1 అని పుస్తకంలో ఉంది. నమ్మకం కోసం క్యాలిక్యులేటర్‌లో 0.1 వేసి చూస్తే 0.01745 వచ్చింది. 0.01 వేసినా, 0.001 వేసినా అదే వస్తోంది. నేను ఎక్కడ తప్పుతున్నాను?

సమాధానం 1 (ఎం.ఎస్సీ. గణితం, తిరుపతి)

చెల్లెమ్మా, రెండవ సందేహం ముందు తీరుస్తాను. మీ క్యాలిక్యులేటర్ తెర పైఅంచున చిన్నగా ‘డి’ అక్షరం కనబడుతోందా? అది డిగ్రీల గుర్తు. మీరు 0.1 నొక్కితే అది 0.1 డిగ్రీకి సైన్ విలువ ఇచ్చింది. మోడ్ మీట నొక్కి, కోణానికి ఇంకొక కొలత అయిన రేడియన్‌లలోకి మార్చి మళ్లీ చేయండి: 0.1కి 0.998334, 0.01కి 0.999983 వస్తాయి.

అయితే క్యాలిక్యులేటర్ మీకు అబద్ధం చెప్పలేదు. కోణాన్ని డిగ్రీలలో కొలిస్తే ఆ అవధి నిజంగానే 1 కాదు, పై (π) / 180. దాని విలువే 0.0174533. కలన గణితమంతా రేడియన్‌లు పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇదే. డిగ్రీలలో పని చేస్తే సైన్‌కు అవకలజం తీసిన ప్రతిసారీ కొసైన్ పక్కన ఈ పై / 180 తోకలాగా వెంట వస్తుంది. నేను మొదటి సంవత్సరంలో ఉండగా ఇదే పొరపాటు సెమిస్టర్ పరీక్షలో చేసి, బయటికి వచ్చాక తెలుసుకున్నాను.

నిరూపణ కావాలంటే లోపిటాల్ నియమం వాడండి. లవంలో సైన్ అవకలజం కొసైన్, హారంలో ఎక్స్ అవకలజం 1, సున్నా వద్ద కొసైన్ విలువ 1, కనుక అవధి 1. ఒక్క వరుసలో అయిపోతుంది.

సమాధానం 2 (విశ్రాంత గణిత అధ్యాపకుడు, చిత్తూరు)

అమ్మా, రేడియన్‌ల గురించి పై అబ్బాయి చెప్పినది అక్షరాలా సరి. లోపిటాల్ దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది, దానిని తరువాత చెబుతాను. ముందు హెచ్ సంగతి.

నీవు రాసుకున్న రెండు వరుసలలో ఉన్నవి రెండు వేరు వేరు ప్రమేయాలు. మొదటిది (6హెచ్ + హెచ్ వర్గం) / హెచ్; దానికి హెచ్ = 0 వద్ద విలువే లేదు. రెండవది 6 + హెచ్; దానికి అక్కడ 6 అనే విలువ ఉంది. ఆ ఒక్క చోటు తప్ప మిగిలిన అన్ని చోట్లా రెండింటి విలువలు ఒకటే. ఇక అవధి అనే భావన ఎలాంటిదంటే, అది సున్నా వద్ద ఏముందో చూడనే చూడదు, సున్నా చుట్టుపక్కల ఏం జరుగుతోందో మాత్రమే చూస్తుంది. చుట్టుపక్కల రెండూ ఒకటే కనుక రెండింటికీ అవధి కూడా ఒకటే కావాలి. 6 + హెచ్ సున్నా వద్ద అవిచ్ఛిన్నం, అంటే దాని గీత అక్కడ తెగదు కనుక దాని అవధి, దాని విలువ సమానం. కాబట్టి నీవు సున్నా వేసింది పాత భిన్నంలో కాదు, కొత్త ప్రమేయంలో. హెచ్ సున్నా అయినట్టు ఆ లెక్కలో ఎక్కడా ఒప్పుకోలేదు. తరగతిలో ‘సున్నా వేసెయ్యి’ అన్నప్పుడు మింగేసిన మాట ఇదే.

నేను నల్లబల్ల మీద ఈ భిన్నానికి వాలు గీత గీసి, సున్నా ఉన్న చోట సుద్దముక్కతో చిన్న ఖాళీ గుండ్రం పెట్టేవాణ్ణి. పిల్లలు నోటుపుస్తకంలో ఎక్కించుకునేటప్పుడు ఆ గుండ్రాన్ని పెన్నుతో నింపేసేవారు. పాఠమంతా ఆ ఖాళీలోనే ఉందని చెప్పడానికి నాకు ప్రతి ఏటా ఒక గంట పట్టేది.

‘సమీపించడం’ అంటే ఎంత దగ్గర అని నీవు అడగవచ్చు. దానిని వాదంలాగా ఊహించుకో. 6కూ ఆ భిన్నానికీ తేడా 0.001 కన్నా తక్కువ ఉండాలని నీవు పట్టుబడితే, హెచ్‌ను సున్నా కాకుండా, −0.001కీ 0.001కీ మధ్య ఎక్కడ తీసుకున్నా సరిపోతుందని నేను చూపిస్తాను. పది లక్షలలో ఒక వంతు తేడా కూడా ఒప్పుకోనని నీవు అంటే, నేను హెచ్‌ను అంతకు తగ్గట్టు మరింత చిన్న మేరలో కట్టేస్తాను. నీవు ఎంత చిన్న తేడా అడిగినా నా దగ్గర జవాబు ఉంటే 6 అవధి అవుతుంది. నీవు అడిగే తేడా పేరు ఎప్సిలాన్, నేను చూపే మేర పేరు డెల్టా. పుస్తకంలో ఆ గ్రీకు అక్షరాలను చూసి బెదిరే పని లేదు. ఇదే వాదం హెచ్ మాపం (రుణ గుర్తు తీసేసిన హెచ్) / హెచ్ మీద చేసి చూడు: కుడివైపు ఎప్పుడూ 1, ఎడమవైపు ఎప్పుడూ −1 వస్తుంది కనుక ఏ సంఖ్యను అవధి అన్నా నేను ఓడిపోతాను. అక్కడ అవధి లేదు.

నీ సందేహం చిన్నది కాదమ్మా. న్యూటన్, లైబ్నిజ్ 17వ శతాబ్దంలో ఈ గణితాన్ని నిలబెట్టిన తరువాత, 1734లో జార్జ్ బర్క్‌లీ అనే క్రైస్తవ మతాచార్యుడు అచ్చంగా నీవు అడిగినదే అడిగి గణితజ్ఞులను ఎద్దేవా చేశాడు. 1821లో కోషీ అవధిని పునాదిగా పెట్టడం, ఆ తరువాత వైయర్‌స్ట్రాస్ దానిని ఎప్సిలాన్, డెల్టాలతో బిగించడం జరిగే దాకా ఆ ఆక్షేపణకు గట్టి జవాబు కుదరలేదు. మన వైపు చూస్తే, భాస్కరాచార్యుడు 1150 నాటికే రోజు మొత్తం మీద గ్రహపు సగటు గతి వేరు, ఆ క్షణపు గతి వేరు అని గుర్తించి, రెండవదానిని ‘తాత్కాలిక గతి’ అన్నాడు. చంద్రుడి వేగం త్వరగా మారుతుంది కనుక తిథి లెక్కకు అది కావలసి వచ్చింది. జ్య విలువలో వచ్చే చిన్న తేడా కోటిజ్యకు అనుపాతంలో ఉంటుందని కూడా ఆయన వాడుకున్నాడు. ఇప్పుడు మనం రాసే సైన్, కొసైన్‌ల సంబంధం అదే. తాత్కాలికం అంటే ఈ రోజుల్లో టెంపరరీ అనే అర్థం చెబుతున్నారు కాని, అసలు అర్థం ‘ఆ కాలానికి చెందినది’.

ఇక లోపిటాల్. సైన్‌కు అవకలజం కొసైన్ అని మూల సూత్రం నుంచి రాబట్టేటప్పుడు మధ్యలో సైన్ హెచ్ / హెచ్ అవధి 1 అని వాడుకుంటాము. ఆ అవధిని నిరూపించడానికి మళ్లీ సైన్ అవకలజాన్నే తెస్తే, అప్పు తీర్చడానికి అదే మనిషి దగ్గర అప్పు తీసుకున్నట్టు ఉంటుంది. జవాబు సరిచూసుకోవడానికి లోపిటాల్ వాడుకోవచ్చు, నిరూపణగా మాత్రం పనికి రాదు. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం గీసి, కోణం ఎక్స్ వద్ద లోపలి త్రిభుజం, త్రిజ్యాంతరం (సెక్టార్), స్పర్శరేఖతో ఏర్పడే బయటి త్రిభుజం, ఈ మూడింటి వైశాల్యాలను పోల్చు. సైన్ ఎక్స్ / ఎక్స్ విలువ కొసైన్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుంటుంది. ఎక్స్ = 0.1 అయితే కొసైన్ 0.995004, నీ కొత్త విలువ 0.998334 దానికీ 1కీ మధ్యన ఉందో లేదో నీవే చూడు.

సమాధానం 1 రాసినవారు తిరిగి

సార్, లోపిటాల్ విషయంలో మీరు చెప్పినది నిజమే. అలవాటు కొద్దీ రాశాను.

ప్రశ్న అడిగినవారు

సార్, అన్నా, ఇద్దరికీ కృతజ్ఞతలు. మోడ్ మార్చి చూశాను, 0.998334 వచ్చింది. ఖాళీ గుండ్రం మాట కూడా అర్థమయింది. నా నోటుపుస్తకంలోనూ దానిని నింపే ఉంది. ఒక్క చిక్కు మిగిలింది. క్షణపు వేగం అంటున్నారు. క్షణంలో కాలం గడవదు, బండి కదలదు. ఆ వేగం నిజంగా ఉన్నదా, లేక లెక్క కోసం మనం కల్పించుకున్నదా?

సమాధానం 3 (ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయిని, పుత్తూరు)

అమ్మాయీ, దీనికి జవాబు నీకు అలిపిరిలోనే దొరుకుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద బండ్లకు కనీస ప్రయాణ సమయం నిర్ణయించి, బయలుదేరిన చోట చీటీ మీద సమయం వేసి ఇచ్చి, చివర దానిని చూసే పద్ధతి గురించి ఈ వైపు వాళ్లకు తెలిసినదే. లెక్క సులువుగా ఉండేందుకు దూరం 18 కిలోమీటర్లు, కనీస సమయం 40 నిమిషాలు అనుకుందాం. సరిగ్గా అంతసేపట్లో దిగితే సగటు వేగం గంటకు 27 కిలోమీటర్లు. ఒకాయన 30 నిమిషాల్లో దిగాడు. అతని సగటు గంటకు 36. దారిలో ఎక్కడా ఎవరూ వేగం కొలవలేదు. అయినా కనీసం ఒక్క క్షణమైనా అతని వేగం సరిగ్గా 36 అయి ఉండాలని లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం చెబుతుంది. ఎప్పుడూ 36 కన్నా తక్కువలోనే నడిపి ఉంటే 30 నిమిషాల్లో 18 కిలోమీటర్లు పూర్తి కావు. ఎప్పుడూ ఎక్కువలోనే నడిపి ఉంటే ఇంకా ముందే చేరేవాడు. వేగం ఒక విలువ నుంచి ఇంకొక విలువకు మధ్యలో ఉన్నవాటిని దాటవేసి దూకదు కనుక ఆ 36 తగలక తప్పదు. కల్పించుకున్న వస్తువు అయితే రెండు గడియారాల తేడాతో ఇంత గట్టిగా పట్టుబడదు.

దీనికి విలోమం మాత్రం నిలవదు. మలుపులలో 60 మీద దూసుకువచ్చి, చీటీ చూసే చోటికి ఇంకా కొంచెం దూరం ఉందనగా బండి ఓరగా ఆపి, అరగంట కబుర్లు చెప్పి కదిలేవాడి సగటు 27 కన్నా తక్కువే తేలుతుంది. చీటీకి అతను దొరకడు. సగటు ఎక్కువైతే ఎక్కడో ఒకచోట వేగం ఎక్కువైనట్టే కాని, సగటు తక్కువైనంత మాత్రాన ఎక్కడా ఎక్కువ కాలేదని చెప్పలేము.

పై సార్ గారి ఖాళీ గుండ్రానికి దీనికీ సంబంధం ఉంది. ఆ క్షణంలో గడిచిన కాలం సున్నా, నడిచిన దూరం సున్నా; అక్కడ నేరుగా భాగిస్తే ఏమీ రాదు, గుండ్రం ఖాళీ. ఆ క్షణానికి అటూ ఇటూ ఒక సెకను, పదో వంతు సెకను, నూరో వంతు సెకను తీసుకుని సగటులు వేస్తూ పోతే అవి ఏ సంఖ్య దగ్గర కుదురుకుంటాయో దానినే క్షణపు వేగం అంటున్నాము. వీలైతే ఒక పని చేసి చూడు. ఎస్ = 5టి వర్గం అనుకుని, టి = 2 చుట్టూ 0.1, 0.01 తేడాలతో, కుడివైపూ ఎడమవైపూ వేరువేరుగా సగటులు వేసి ఇక్కడ పెట్టు.

ప్రశ్న అడిగినవారు

టీచర్, చేశాను. కుడివైపు 20.5, 20.05 వచ్చాయి, ఎడమవైపు 19.5, 19.95. కుడివైపు మొదటిసారి 22.05 వచ్చి కంగారుపడ్డాను. తరువాత చూసుకుంటే 5 × 2.1 × 2.1 వేసి, అందులోంచి 20 తీయకుండా వదిలేశానని, హారంతో భాగించడం కూడా మరిచిపోయానని తెలిసింది.