సీడ్ పత్తి కూలి కేసు: కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు ఎదుటి పక్షానికి ఇయ్యాల్నా?

గట్టు ఆడబిడ్డ:
మాది గద్వాల దిక్కు. పోయిన సీజన్ల మా ఊరి ఆడోళ్లు ఇరవై మందికి పైగ సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, క్రాసింగ్‌కు పోయిన్రు. పొద్దుగూకంగ ఆడ చెట్ల మొగ్గలు గిల్లుడు, తెల్లారినంక మగ పువ్వు పుప్పొడి రుద్దుడు. పని అయిపోయినంక మమ్ముల గుంపు కట్టి తోలుకపోయిన మేస్త్రి వచ్చి మీ కూలి మీరు తీసుకున్న అడ్వాన్సుకే చెల్లు అన్నడు. లెక్క చూపియ్యలే. పెద్దమనుషుల్ల పెడితే తేలలే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి వకీలు దొరికిండు, రైతు మీద కూలి బాకీ క్లెయిమ్ వేసినం.

ఇప్పుడు ఎదుటి వకీలు ఒక అర్జీ పెట్టిండు. కూలీలందరి పేర్లు, ఇంటి అడ్రసులు, ఆధార్ జిరాక్సులు, ఫోన్ నంబర్లు, పాసుబుక్కులు, నేను రాసిన కూలి లెక్క పుస్తకం మొత్తం కావాలెనట. ఆ పుస్తకంల ఉన్నది హాజరు ఒక్కటే కాదు. ఎవరు ఏ దినం ఎందుకు రాలేదో గూడ రాసిన. ఒకామెకు కడుపు పోయింది. ఒకామెను మొగడు కొట్టిండు. ఒకామె రెండు దినాలు వేరే ఆసామి చేన్లకు పోయింది. ఎవరికి ఎవరు చేబదులు ఇచ్చిన్రో గూడ ఉంది. ఇవి నన్ను నమ్మి చెప్పిన ముచ్చట్లు.

నేనైతే పేర్లు గూడ ఇయ్యొద్దంటున్న. మీరేమంటరు?

ఐజ రైతు:
చెల్లె, నేను సీడ్ రైతునే. నీ బాధ కాదంటలేను. కని పేరే చెప్పని మనిషి పైసలు అడిగితే రైతు ఏమని జవాబు చెప్తడు? నేను మేస్త్రి చేతికి లెక్క కట్టి ఇస్త. ఆయన పంచిండా, మింగిండా నాకెట్ల తెలుస్తది? ఫలానా ఆమె ఫలానా దినాలు వచ్చింది అని చెప్తే కద, వచ్చింది లేదు అని నేను చూసుకునేది. పనికి రాని పేర్లు లిస్టుల కలిస్తే ఆ భారం గూడ నా మీదనే పడ్తది.

మా సంగతి గూడ ఇనున్రి. విత్తనం తూకమేసి ఇచ్చినంక జీఓటీ, అంటే విత్తనం నాటి కల్తీ ఉన్నదా అని చూసే పరీక్ష, రిజల్టు వచ్చేదాక పూర్తి పైసలు రావు. ఫెయిల్ అన్నరంటే విత్తనం రేటే పోతది. కంపెనీకి, రైతుకు నడుమ ఉండే ఆర్గనైజర్ ఇచ్చిన పెట్టుబడికి వడ్డీ మాత్రం ఆగది. చేతుల పైసలు లేని రైతు మీద మొకం చూపియ్యని కేసు వేసుడు న్యాయం కాదు.

మేస్త్రి బిడ్డ, నారాయణపేట:
మా నాయిన గుంపు మేస్త్రి. ఆ లోకం లోపలి నుంచి చూసినదాన్ని కాబట్టి చెప్తున్న. పేర్ల లిస్టు ఒక్క మేస్త్రి ఫోన్లకు వచ్చిందంటే దినం తిరిగేలోపల అందరి దగ్గరికి పోతది. ఎవరూ కొట్టరు, ఎవరూ తిట్టరు. వచ్చే యేడు ముందు పైసలు ఇయ్యరు, అంతే. వానకాలం మొదలైతుంటె పిల్లల ఫీజులకు, సొంత చెలక విత్తనాలకు ఆ ముందు పైసలే దిక్కు. 'నిన్ను పిలువలే' అనేది నేరం కాదు, ఏ కోర్టుల నిరూపియ్యలేవు.

ఫోన్ నంబరు సంగతి ఇంకా అన్యాలం. రాత్రి పూట ఆమెకు చెయ్యరు. ఆమె మొగనికి చేస్తరు, అత్తకు చేస్తరు. తెల్లారేసరికి ఆమె తనంతట తనే కేసు వద్దంటది. నంబరు అడుగుతున్నది గుర్తుపట్టనీకి కాదు, ఒత్తిడి చెయ్యనీకి.

సంఘం మనిషి, నల్లగొండ:
నేను అందరికన్న వేరే మాట చెప్త. పేర్లు దాచకున్రి. మా దిక్కు కూలి పోరాటాలల్ల నేను చూసింది ఇదే: పది మంది మొకం చూపిస్తే పదకొండో మనిషి మీద చెయ్యి వెయ్యనీకి భయపడ్తరు. దాచుకున్న పేరు ఒకనాడు ఎట్లైన బయటపడ్తది. ఆనాడు ఆమె ఒంటరిది అయితది. చిన్న ఊర్ల రహస్యం ఎన్ని దినాలు ఉంటది? ఎవరు క్రాసింగ్‌కు పోయిన్రో ఊరందరికి ఎరుకనే కద. ఇరవై మంది ఒక్క కాయితం మీద వేలిముద్రలు వెయ్యాలె. ఎవరిని పిలువకుంట ఉంటరో చూద్దాం. ఇరవై మందిని ఇడిసిపెట్టి క్రాసింగ్ చేపిచ్చుకునుడు అల్కగ కాదు, ఆ పని చేతి వాటం తెలిసినోళ్లే చెయ్యాలె.

మేస్త్రి బిడ్డ, నారాయణపేట:
పెద్దనాయినా, మీ కాలంల కూలీలు అదే ఊరోళ్లు, ఆసామి అదే ఊరోడు. ఇప్పుడు ఈ ఊరి గుంపు రాకపోతే ఇంకో తాలూకా నుంచి ఆటోలు వస్తయి. నాట్లకైతే బిహార్ నుంచే వస్తున్నరు. పని ఆగుతదని వాళ్లకు భయం లేదు. ఇంకొకటి, కోర్టుల పడ్డ పేరు ఇప్పుడు ఊర్లనే ఉండది. ఈ-కోర్టుల సైటుల పేరు కొడితే కేసు వస్తది. రేపు ఆమె బిడ్డ ఎక్కడన్న పనికి పోతే అక్కడ గూడ చూస్తరు.

వకీలు, మహబూబ్‌నగర్:
రెండు విషయాలు కలిసిపోతున్నాయి. పేరు వేరు, మిగతా వివరాలు వేరు.

పేరు లేకుండా క్లెయిమ్ నడవదు. ఎవరి కూలి, ఎన్ని రోజులు, ఎంత బాకీ అన్నది చెప్పకపోతే ఎదుటి పక్షానికి జవాబిచ్చే అవకాశం ఉండదు. సీల్డ్ కవర్‌లో క్లెయిమ్ వినే అధికారికి మాత్రమే ఇస్తామంటే కూడా కుదరదు. ఒక పక్షానికి చూపించని కాగితం మీద తీర్పు చెప్పడాన్ని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న మీడియా వన్ చానల్ కేసులో గట్టిగా తప్పుపట్టింది. ఆ కేసులో రహస్యం అన్నది ప్రభుత్వం. సూత్రం మాత్రం మనకూ వర్తిస్తుంది. ఈ మేరకు ఐజ రైతుగారి మాట సరైనదే.

ఆధార్, పాసుబుక్కు, ఫోన్ నంబరు మాత్రం ఎందుకు? 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. దాని 59వ సెక్షన్ ప్రకారం కూలి చెల్లించానని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే. చెల్లించిన రిజిస్టరు ఆయన దగ్గర ఉండాలి. మనిషి ఆమేనా కాదా అన్న అనుమానం ఉంటే ఆధార్ కార్డును అధికారి ఎదుట చూపించి వెనక్కి తీసుకోవచ్చు, జిరాక్సు ఫైలులో ఉండనక్కరలేదు. నోటీసులు వకీలు చిరునామాకు పంపమని అడగవచ్చు. లెక్క పుస్తకంలో హాజరు, కూలి రేటు, అడ్వాన్సు ఉన్న భాగం ఇచ్చి, మిగతా గడులు నల్లసిరాతో మూసి, అసలు పుస్తకాన్ని అధికారి మాత్రమే తిరగేసి చూసేలా అడగండి. మూసిన చోట హాజరు అంకెలు దాచలేదని ఆయన తేల్చుకుంటారు. గర్భస్రావం మాటకు, కూలి బాకీకి సంబంధం లేదు.

ఇవన్నీ ఇప్పుడే, రాతపూర్వకంగా అడగాలి. కాగితం ఒకసారి ఎదుటివాళ్ల చేతికి వెళ్లాక ఏ ఉత్తర్వూ దాన్ని వెనక్కి తేలేదు.

వనపర్తి సారు:
క్రాసింగ్ అంటున్నరు కాబట్టి అడుగుతున్న, గుంపుల బడి పిల్లలు ఉన్నరా? ఈ పనికి ఆడపిల్లలను బడి మాన్పించి తీసుకపోవుడు మన జిల్లాలల్ల చాన ఏండ్ల సంది ఉన్నదే. ఉంటే వాళ్ల పేర్లు, ఫొటోలు, బడి పేరు ఎక్కడా రావొద్దు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అదే చెప్తది. పేపరోళ్లకు గూడ చెప్పున్రి.

గట్టు ఆడబిడ్డ:
ఇద్దరు ఉన్నరు సారు. వాళ్ల సంగతి ఈ క్లెయిమ్‌ల కలుపలే, వేరేగ పెట్టినం. ఇక్కడ ఇంతకన్న చెప్ప.

సంఘం అన్నకు ఒక్క మాట. మొకం చూపిచ్చుడుకు నేను ఎదురు కాదు. కని చూపియ్యాల్నా వద్దా అన్నది ఆమె చెప్పాలె, మనం ఆమె తరఫున ధైర్యం పడొద్దు. వకీలు సారు చెప్పినంక పేరు ఇచ్చుడుకు ఒప్పుకుంటున్న, ఆడోళ్లను అడిగి. మిగతావి ఇయ్య.

సారు, మా గుంపుల సగం మంది ఎస్సీలు. వాళ్లకు వేరే రక్షణ ఏమన్న ఉన్నదా?

వకీలు, మహబూబ్‌నగర్:
ఉంది, కానీ ఈ కూలి క్లెయిమ్‌లో కాదమ్మా. అడ్వాన్సు తీరేదాకా వేరే చోటికి పోవద్దని ఆపి చేయించుకుంటే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద వెట్టి అవుతుంది. ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం అట్రాసిటీ చట్టం 3(1)(హెచ్) కింద నేరం. ఆ కేసు నమోదైతే 15ఏ సెక్షన్ వస్తుంది. సాక్షుల పేర్లు, చిరునామాలు ఉత్తర్వుల్లో, ప్రజలు చూడగలిగే రికార్డుల్లో కనపడకుండా దాచమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చు. 2016 నుంచి ఉంది ఇది. అలా ఆపారా లేదా అన్నది మీ వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. లేనిదాన్ని కల్పించవద్దు.

మామూలు కూలి తగాదాలో ఇంత స్పష్టమైన రక్షణ లేకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. ఫ్యాక్టరీ కార్మికుడు ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేస్తే ఎవరు చేశారో బయటపెట్టవద్దని పాత ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే చేర్చారు. ఫిర్యాదుదారు పేరు రహస్యంగా ఉంచాలనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందాన్ని మన దేశం 1949లో ఆమోదించింది, అది పరిశ్రమలకు. పొలం పనికి 1969లో 129వ ఒప్పందం వచ్చింది. దాన్ని ఆమోదించలేదు. చేనులో వంగి పనిచేసే ఆడమనిషికి ఆ మాత్రం మాట ఎందుకు దక్కకూడదు?

ఐజ రైతు:
సారు చెప్పిన తీరుగ అయితే నాకు అభ్యంతరం లేదు. పేరు, దినాలు, రేటు తెలిస్తే చాలు. ఆధార్ నాకెందుకు.

కని రహస్యం కూలీలకేనా? కేసు పడ్డదంటే కంపెనీ ఒప్పందం కాయితాలు గూడ అడుగుతరు. అండ్ల ఆడ, మగ లైన్ల విత్తనం, అంటే క్రాసింగ్‌కు వాడే తల్లి, తండ్రి రకాల వివరాలు ఉంటయి, రేటు ఉంటది. బయట పెడితే ఆర్గనైజర్ వచ్చే యేడు నాకు నాటనీకి ఫౌండేషన్ సీడ్ (మూల విత్తనం) ఇయ్యడు. మేస్త్రి బిడ్డ చెప్పిన 'పిలువలే' అనే మాట మాకు గూడ ఉన్నది.

మేస్త్రి బిడ్డ, నారాయణపేట:
అన్నా, ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్న. కని రేటు దాస్తే మాత్రం ఒప్పుకోను. ఎకరానికి కూలి కింద ఎంత లెక్కగట్టి నీకు రేటు పెట్టిన్రో తేలితేనే కద, నువ్వు కూలి ఎగ్గొట్టినవా, నీకే గిట్టకుంట చేసిన్రా అనేది కనపడేది. లైన్ల వివరం మూసున్రి. రేటు మూయకున్రి.

సంఘం మనిషి, నల్లగొండ:
ఇక్కడ మాత్రం ఆడబిడ్డతోని నేను ఒక్కటే మాట. పేర్ల మీద నా అభిప్రాయం మారలే. కని కంపెనీలు వ్యాపార రహస్యం అని రేటు దాచుడు, కూలి మనిషి తన ఫోన్ నంబరు దాచుకునుడు ఒక్కటి కావు. ఒకరు బతుకు కాపాడుకుంటున్నరు, ఇంకొకరు లాభం కాపాడుకుంటున్నరు.

గట్టు ఆడబిడ్డ:
ఒకామె తన పేరే వద్దంటున్నది సారు. పైసలు పోతే పోనీ అంటున్నది. ఆమె లేకుంట మిగతా వాళ్ల క్లెయిమ్ నిలుస్తదా?

వకీలు, మహబూబ్‌నగర్:
నిలుస్తుంది. ఒకే దరఖాస్తులో ఎంతమందైనా ఉండొచ్చు, ఒకరు తగ్గితే మిగిలినవాళ్లది పోదు. ఆమెను బలవంతపెట్టవద్దు. పుస్తకంలో ఆమె వరుస కూడా మూయమని అడగండి. మూడేళ్ల గడువు ఉంది, మనసు మారితే అప్పుడు వేయొచ్చు. ఈలోపు లేబర్ ఇన్‌స్పెక్టరు తరఫున వేయించే దారి కూడా ఉంది, అయితే అక్కడా ఆమె పేరు చెప్పక తప్పదు. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.

రైతుగారూ, మీ ఒప్పందం నకలు ఒకసారి చదివి చూడండి, రేటు రహస్యమని అందులో నిజంగా రాసి ఉందా?

ఐజ రైతు:
నకలు నా దగ్గర లేదు సారు. సంతకం పెట్టించుకొని ఆర్గనైజరే పెట్టుకున్నడు. మా ఊర్ల ఎవరి దగ్గరా లేదు.

వకీలు, మహబూబ్‌నగర్:
అలాగైతే గట్టు ఆడబిడ్డ కేసులో రైతు దగ్గర కూడా ఉండకపోవచ్చు. కాగితాలు తెప్పించే అధికారం క్లెయిమ్ వినే అధికారికి ఉంది. ఆర్గనైజర్ నుంచి ఒప్పందం తెప్పించమని కూలీల తరఫున అడగండమ్మా, లైన్ల వివరాలు మూసి ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదని అదే అర్జీలో రాయండి.

గట్టు ఆడబిడ్డ:
రాస్త సారు. పుస్తకంల ఏ గడులు మూయాల్నో ఆడోళ్లతోని కూసోని, ఎవరి వరుస వాళ్లకు సదివి ఇనిపిచ్చినంకనే సిరా పెడ్త.