గోంగూర మటన్‌తో రెడ్ వైన్ తాగితే నోరెందుకు మండుతోంది?

కొత్తగ్లాసు: నాసిక్ క్యాబర్నే సావిన్యోన్ రెడ్ వైన్, ఆల్కహాల్ 14 శాతం. విడిగా బాగానే ఉంది. గోంగూర మటన్‌తో మాత్రం నోరంతా మంట, నాలుక పీక్కుపోతోంది. వచ్చే చుట్టాల్లో సగం మంది వైన్ రుచే ఎరగరు. మాంసానికి రెడ్డే అంటారు కదా, మరి లోపమెక్కడ?

తొక్కాగింజా: జత కుదరలేదు, అంతే. రెడ్‌ని తొక్కలు, గింజలతో కలిపి 25–30 డిగ్రీల దగ్గర వారం పది రోజులు పులియబెడతారు. పైకి తేలే తొక్కల్ని రోజుకి రెండు మూడుసార్లు కిందికి నొక్కుతారు. రంగుతోపాటు టానిన్ కూడా దిగుతుంది. వక్క నమిలితే నాలుక పట్టేసే వగరు చూశారా, అలాంటిదే. కారం తగిలితే అది ఇంకా గరుకెక్కుతుంది. పైగా మిరపకారం తట్టే నరాల్నే ఆల్కహాలూ తడుతుంది, మంట మీద మంట. మాంసానికి రెడ్ అన్న మాట ఉప్పూ మిరియాలతో సరిపెట్టుకునే వంటలది, మన కూరలది కాదు.

కాస్త తీపి మిగిలిన వైట్ వైన్ తీసుకోండి. దానికి పండు పిండి, రసాన్ని మాత్రమే 12–16 డిగ్రీల్లో పులియబెడతారు, అందుకే టానిన్ దాదాపు ఉండదు. లీటరుకి 10–20 గ్రాముల చక్కెర ఉన్నా మంట తగ్గుతుంది.

పులుపుపిచ్చి: తీపి ఒక్కటే చూస్తే గోంగూర దగ్గర దెబ్బతింటారు. కూర కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. వైట్ వైన్లలో షెనిన్ బ్లాంక్, రీస్లింగ్ నయం, రెండింట్లోనూ పులుపు గట్టిగా ఉంటుంది. 8–10 డిగ్రీల్లో పొయ్యండి. ఫ్రిజ్ లోపల 4 కాబట్టి తీసి పావుగంట ఆగాలి. రెడ్‌ని గది వేడిలో ఇవ్వాలన్నది చలిదేశాల గది, అంటే 16–18. మన వేసవి గదిలో 32 ఉంటుంది, ముందు అరగంటైనా ఫ్రిజ్‌లో పెట్టండి. మరీ చల్లబరిస్తే మళ్లీ వగరే తేలుతుంది.

కొత్తగ్లాసు: ఆ తీపి పంచదారదా?

తొక్కాగింజా: ద్రాక్షదే. ఈస్ట్ చక్కెరంతా తినేయకముందే ట్యాంకుని 2–4 డిగ్రీలకి దించి, సల్ఫర్ డయాక్సైడ్ వేసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకడతారు. ఈస్ట్ ఏ కాస్త మిగిలినా సీసాలో మళ్లీ పులిసి మూత తన్నుకొస్తుంది. కొనేటప్పుడు లేబుల్ చూడండి, డ్రై అని ఉంటే తీపి లేనట్టే.

పులుపుపిచ్చి: కొత్తవాళ్లకి గ్లాసు నింపొద్దు. 75 మిల్లీలీటర్లు చాలు, ఒక సీసా పదిమందికి వస్తుంది.