రాయగడ నుంచి చిత్రకోట, అరకు: అద్దె కారు ఖర్చు తగ్గించుకునేదెలా?

మాది ఒడిశాలోని రాయగడ. సంక్రాంతి అయ్యాక ఇంటిల్లిపాదీ కోరాపుట్, జయపురం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్లి చిత్రకోట జలపాతం చూసి, వచ్చేటప్పుడు అరకు కూడా చూసుకుని వద్దామనుకుంటున్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని ఏడు సీట్ల బండే కావాలి.

ఇక్కడి ట్రావెల్స్ వాళ్లు రోజుకు కనీసం 300 కిలోమీటర్ల లెక్క కడతారట. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ అదనం. నాకు మింగుడుపడనిది ఆ 300. జగదల్‌పూర్‌లో ఆగే రోజు చిత్రకోటకు పోయి రావడం 80 కిలోమీటర్ల చిల్లర. మిగతాదంతా తిరగని దూరానికి డబ్బు కట్టడమే కదా! రోజువారీగా కాకుండా ట్రిప్పు మొత్తం కలిపి లెక్కేయమంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒకాయనైతే చీటీలో ‘స్టేట్ ట్యాక్స్’ అని విడిగా రాశాడు. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండికి అదెందుకండీ?

రైల్లో విశాఖ దిగి సెల్ఫ్ డ్రైవ్ తీసుకుంటే బత్తా మిగులుతుంది. కానీ ఘాట్ రోడ్డులో ఎక్కడ గీత పడుతుందో, డిపాజిట్‌లో ఎంత కోస్తారో అని టెన్షన్. తీసుకునేటప్పుడే బండి చుట్టూ వీడియో తీస్తే సరిపోతుందా?

మా బావమరిది తెలిసినవాళ్ల సొంత బండి చవగ్గా ఇప్పిస్తానంటున్నాడు. తెల్ల నంబరు ప్లేటు బండి అద్దెకు తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్‌కు చిక్కే. అది వద్దనేశాను.

ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లు ఏది గిట్టుబాటో చెప్పండి. జయపురంలో బండి మాట్లాడుకుంటే చవకా?