మొదటి స్టూలు: కుసి కొట్టాలా, స్క్రూ బిగించాలా?

కొత్తఉలి
టేకుతో స్టూలు మొదలుపెడుతున్నాను. ఎత్తు 450, పైపలక 300×300, కాళ్ళు 40×40, పై పట్టీలు 60×20, కింది అడ్డపట్టీలు 40×20. అన్నీ మిల్లీమీటర్లే. చేతిలో సన్నపళ్ళ రంపం, 6, 12 మి.మీ. ఉలులు, చిత్రిక, మూలమట్టం, డ్రిల్ ఉన్నాయి. పట్టీలను కాళ్ళకు కుసి–బెజ్జంతోనే (పట్టీ కొసను నాలుకలా కోసి, కాలికి తొలిచిన రంధ్రంలో దూర్చే కీలు) కలపాలా, ఫెవికాల్ పూసి స్క్రూలు బిగిస్తే సరిపోతుందా?

మూలమట్టం
కుసే కొట్టండి. స్టూలు మీద బరువు కిందికి మాత్రమే పడదు. కూర్చున్నవారు వెనక్కి వాలినా, కాలితో పక్కకు జరిపినా ఆ ఊపంతా పట్టీ, కాలు కలిసే చోటే పడుతుంది. పట్టీ కొసన నార తెగి ఉంటుంది, అక్కడ పూసిన జిగురును చెక్క పీల్చేసుకుంటుంది తప్ప పట్టు ఇవ్వదు. ఆ కొసలోకి దించిన స్క్రూ మరలు నారను కోసుకుంటూ పోతాయి. ఊగేకొద్దీ లోపల పొడి అయి వదులవుతుంది. కుసికి అలా కాదు. జిగురు దాని రెండు చెంపలకూ, అంటే వెడల్పు ముఖాలకు, నార వెంబడి పడుతుంది. భుజాలు, అంటే కుసి మొదట్లో మిగిలే పట్టీ అంచులు, కాలికి ఆనుకుని ఊపును ఆపుతాయి.

పట్టీ మందం 20 కాబట్టి కుసి అందులో మూడోవంతు. మీ ఉలి 6 మి.మీ. కనుక కుసి మందం కూడా 6. పొడవు 30 పెట్టుకోండి.

చేవ
30 పట్టదండీ. పట్టీని కాలి నడిమికి పెడితే బెజ్జం కాలి బయటి ముఖం నుంచి 17కూ 23కూ మధ్య పడుతుంది. పక్క ముఖం నుంచి వచ్చే బెజ్జం కూడా అక్కడికే వస్తుంది కనుక 17 మి.మీ. లోతులోనే రెండూ కలిసిపోతాయి. పట్టీని బయటివైపుకు జరిపి, కాలి బయటి ముఖానికి 3 మి.మీ. లోపల ఉంచండి. అప్పుడు బెజ్జం 10–16 మధ్యకు వస్తుంది, లోతు 24 దొరుకుతుంది. కుసి 22 చాలు, మిగిలిన 2 జిగురు నిలవడానికి. చట్రం బయటి కొలత 260 అయితే కాళ్ళ మధ్య 180, పట్టీ పొడవు 180+44, అంటే 224.

మూలమట్టం
బెజ్జాలు కలిసినా నష్టం లేదు. కుసి కొసలు 45 డిగ్రీల్లో కోస్తే 30 వస్తుంది. ఎప్పటినుంచో చేస్తున్నదే.

చేవ
చేయి తిరిగినవారికి నష్టం లేదు. కొత్తవారు రెండో బెజ్జం కొట్టేటప్పుడు ఉలి మొదటి బెజ్జంలోకి జారి లోపలి చెక్క చిట్లుతుంది. నేను 22 దగ్గరే ఆగుతాను.

పలకబల్ల
30యా 22యా అనే లెక్క తర్వాత. ఎనిమిది పట్టీలంటే 16 కుసులు, 16 బెజ్జాలు. మొదటిసారి ఉలి పట్టేవారికి ఇదా సలహా? స్క్రూ ఊడేది సరిగ్గా బిగించనప్పుడే. 8 నంబరు స్క్రూకు టేకులో ముందు 3 మి.మీ. రంధ్రం వేయాలి, తల ఉన్న వైపు ముక్కలో 4.5. ఆ పని చేయకుండా జిప్సం బోర్డుకు వాడే నల్ల డ్రైవాల్ స్క్రూ కొడతారు, అది గట్టి చెక్కలో తల దగ్గర పుటుక్కున విరుగుతుంది, తప్పు స్క్రూదంటారు.

కొసలోకి కొట్టమని నేనూ అనను. పై మూలల్లో 45 డిగ్రీలకు కోసిన మూలముక్క పెట్టి, రెండు పట్టీల లోపలి ముఖాలకు జిగురు, స్క్రూలు వేయండి. పట్టీ మందం 20 కాబట్టి స్క్రూ అందులో 15 మించి దిగకూడదు. మధ్యలోంచి కాలి లోపలి మూలకు మరొక స్క్రూ. డైనింగ్ కుర్చీలను తిరగేసి చూడండి, చాలావాటి కింద ఈ ముక్కే ఉంటుంది.

మూలమట్టం
ఆ కుర్చీల్లో మూలముక్క వెనక కుసో, డోవెలో (గుండ్రటి చెక్క మేకు) ఉంటుంది. ముక్క దానికి తోడు మాత్రమే. సరే, కింది అడ్డపట్టీలకు మూలముక్క ఎక్కడ పెడతారు?

పలకబల్ల
అడ్డపట్టీలు తీసేసి పై పట్టీలను 60 నుంచి 80కి పెంచితే చాలు.

మూలమట్టం
జవాబు లేదు కనుక స్టూలునే మార్చేస్తున్నారు.

గోదారిగట్టు
పొణికి అయితే సులువుగా తెగుతుంది కదా?

చేవ
పొణికి కొండపల్లి బొమ్మకు, స్టూలుకు కాదు. నేర్చుకోవడానికి వేప కూడా వద్దు. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. టేకు నయం, కానీ అందులో ఇసుక గుణం ఉంది, ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది. పక్కన సానరాయి ఉండాలి.

రంపంపొట్టు
అన్నలు, జాయింటు ముచ్చటల పడి పైపలక మర్చిపోతున్నరు. 300 వెడల్పు టేకు పలక ఎండకాలం, వానకాలం నడుమ 2 మి.మీ. దాకా గుంజుకుంటది, ఉబ్బుతది. వెడల్పులనే, పొడుగుల లెక్కవెట్టేంత ఉండది. నాలుగు పట్టీలకు జిగురు పూసి అంటిస్తే పలక పగుల్తది. పట్టీ లోపల సన్నటి గాడి కోసి, మెట్టు లెక్క కోసిన చిన్న ముక్క నాలుకను దాంట్ల దూర్చి, ఆ ముక్కను పలకకు స్క్రూ చెయ్యి. అప్పుడు పలక జరిగినా పగులది. ఇగో, ఇక్కడ స్క్రూ కావాలె, కుసి కొట్టేటోళ్ళకు గూడ.

పలకబల్ల
అదే నేను చెప్పేది. స్క్రూ అంటరానిదేం కాదు.

మూలమట్టం
పలకకు స్క్రూ వేరు, కీలుకు స్క్రూ వేరు. పట్టీని కాలికి స్క్రూతో తగిలించి దాన్ని వడ్రంగం అనకండి.

పలకబల్ల
ఏది వడ్రంగమో మీరొక్కరే తేలుస్తారా? ఈ పని నేర్పమని అడిగితే ముందు "మీరేవుళ్ళు" అని కులం అడిగారు. కుసి ఎలా గుర్తు పెట్టాలో చూపించినవారు ఒక్కరూ లేరు. డ్రిల్, స్క్రూ వచ్చాకే మాలాంటివాళ్ళు చెక్క ముట్టుకోగలిగాం. ఇప్పుడు అది కూడా పని కాదంటే ఎక్కడికి పోవాలి?

మూలమట్టం
మీకు నేర్పకపోవడం తప్పు. మావాళ్ళు చేసినా తప్పే, దాన్ని సమర్థించను.

నా బాధ కూడా వినండి. ప్లైవుడ్ వచ్చాక కూలి చదరపు అడుగు లెక్కన కడుతున్నారు. ఒక బెజ్జం శుభ్రంగా దించడానికి పట్టే గంటకు అందులో చోటు లేదు. "రెండు స్క్రూలు కొడితే పోయేదానికి ఇంతసేపా" అన్న మాట ఇంటింటా పడేది మేమే. అదే మాట ఇక్కడా కనబడేసరికి ఉండబట్టలేకపోయాను. మీరు చెక్క ముట్టుకోవద్దని కాదు. ఆ గంటను ఎవరూ లెక్కలోంచి కొట్టేయకూడదని.

పలకబల్ల
ఆ గంట వద్దని నేననలేదు. ఆ గంటలో ఏం చేయాలో చెప్పమంటున్నాను.

మూలమట్టం
చెబుతాను. పైపలక మందం 20 పోను కాళ్ళకు 430 చాలు, కానీ ముందే 430కి కోయకండి, 450కి కోయండి. పైన అదనంగా 20 మి.మీ. వదిలితే బెజ్జం కొట్టేటప్పుడు కాలి కొస చీలదు, బిగించాక కోసేయవచ్చు. పై పట్టీ కుసిని పైఅంచు నుంచి 10 మి.మీ. తగ్గించండి, లేకుంటే ఆ అదనం కోశాక బెజ్జం పైన తెరుచుకుంటుంది. గుర్తు పెన్సిల్‌తో కాదు, కత్తి మొనతో గీయండి. భుజం కోసేటప్పుడు రంపం ఆ గాటు పక్కనే, తీసేసే వైపు నడవాలి.

బెజ్జం నడుమ మొదలుపెట్టి, ఉలిని నిలువుగా పట్టి, 3 మి.మీ.కు ఒక దెబ్బ చొప్పున కొసల వైపు పోవాలి. రెండు కొసల దగ్గర 2 మి.మీ. చివరిదాకా వదిలేయండి, ఉలిని ఎత్తి పొట్టు తీసేటప్పుడు నలిగేది అక్కడే. కుసి ముందు లావుగానే కోసి, చెంపలను ఉలితో పలచగా తీస్తూ సరిచేయండి. చేత్తో నొక్కితే సగం దాకా పోవాలి, మిగతాది సుత్తితో మెల్లగా. గట్టిగా కొట్టాల్సి వస్తే కాలు చీలుతుంది.

చేవ
బిగించిన వెంటనే ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూల కొలతలూ చూడండి. తేడా ఉంటే జిగురు ఆరకముందే పొడవున్న ఐమూల వెంట నొక్కాలి. 24 గంటలు కదపకండి. తర్వాత కాళ్ళు ఊగితే చదును బండ మీద పెట్టి, పొట్టి కాలి కింద అట్టముక్కలు దూర్చి స్థిరపరచండి. ఒకే మందం చెక్కముక్క ఆనించి నాలుగు కాళ్ళకూ గీత గీసి కోయండి. ఊగిన కాలొక్కదాన్నే కోస్తూ పోతే స్టూలు పీట అవుతుంది.

కొత్తఉలి
పై పట్టీల ఎనిమిది కీళ్ళకు కుసి కొడతాను. కింది అడ్డపట్టీలు ఇప్పటికి పెట్టను, పలకబల్ల గారన్నట్టు పై పట్టీలు 80కి పెంచుతాను. ఇంతకీ మొదటి బెజ్జం నేరుగా కాలికే కొట్టేయనా?

పలకబల్ల
వద్దు. మిగిలిన ముక్క మీద కొట్టండి.

మూలమట్టం
అవును, వృథా ముక్క మీదే. జిగురు పూసి ఆరాక దాన్ని నిలువునా రెండుగా కోయండి. కుసి చెంపకూ బెజ్జం గోడకూ మధ్య ఎక్కడ సందు ఉందో కనబడుతుంది. ఆ కోసిన ముఖం ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.